పిల్లల డిజిటల్ పోర్ట్‌ఫోలియో నిజంగా పిల్లలది కావాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మధురవాడలో ఒక ప్రైవేట్ స్కూల్లో 8వ తరగతికి సైన్స్ చెప్తున్నారు. ప్రతి విద్యార్థికీ డిజిటల్ పోర్ట్‌ఫోలియో, అంటే తన పనులు కంప్యూటర్‌లో దాచుకునే ఫైలు, ఉండాలని మేనేజ్‌మెంట్ చెప్పింది. మీరు గూగుల్ డ్రైవ్‌లో 42 ఫోల్డర్లు తెరిచి, పిల్లల ప్రాజెక్టులు, నోట్సులు, చార్టులు ఫొటోలు తీసి రోజూ రాత్రి పది దాకా ఎక్కిస్తున్నారు. మూడు నెలలైంది. ఒక్క పిల్లాడు కూడా తన ఫోల్డర్ తెరవలేదు. "నా చదువు నాది అనే భావన పిల్లలకు దీంతో వస్తుందన్నారు. నాకు పని పెరగడం తప్ప ఏమీ రాలేదు. ఏ యాప్ వాడితే పిల్లలు పట్టించుకుంటారు?" అని అడిగారు.

యాప్ మార్చినా ఏమీ మారదు. అందులో ఏది పెట్టాలో పిల్లలు ఎంచుకోవాలి, ఎందుకు పెట్టారో వాళ్ళ మాటల్లో చెప్పాలి, దాన్ని వాళ్ళే ఇంకొకరికి చూపించాలి. ఈ మూడు పనులూ పిల్లల చేతికి వస్తే మీరు ఇప్పుడు వాడుతున్న డ్రైవ్ చాలు. ఈ మూడూ మీ చేతిలోనే ఉంటే ఎంత డబ్బు పోసి ఏ యాప్ కొన్నా అది టీచర్ రాసే ఇంకో రికార్డే అవుతుంది. అందుకని ముందు ఒక పని చేయండి. ఈ రోజు నుంచి రాత్రిళ్ళు ఫొటోలు ఎక్కించడం ఆపేయండి.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మీరు చేస్తున్నదే నేను రెండేళ్ళు చేశాను. గాజువాక దాటాక ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. 22 ఏళ్ళుగా ఇదే పని. స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పనికి వెళ్ళేవాళ్ళ పిల్లలు, వేటకు వెళ్ళే కుటుంబాల పిల్లలు మా దగ్గర ఎక్కువ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా స్టాఫ్‌రూమ్ కిటికీలు ఊడిపోయాయి. బీరువాలో దాచిన పిల్లల ప్రాజెక్టు ఫైళ్ళు, ఆకుల ఆల్బమ్‌లు, బొమ్మలు అన్నీ తడిసి ముద్దయిపోయాయి. కొన్ని రోజుల తర్వాత వెళ్ళి చూస్తే పేజీలు విడదీయడానికి కూడా రాలేదు. పిల్లలు కష్టపడి చేసింది ఇంకెప్పుడూ ఇలా పోకూడదనుకున్నాను. ఆ తర్వాతి ఏడాది నుంచి ప్రతిదీ ఫోన్‌తో ఫొటో తీసి దాచడం మొదలుపెట్టాను. పేర్లు, తేదీలు, రోల్ నంబర్లు, అన్నీ పద్ధతిగా పెట్టాను.

రెండో ఏడాది చివర్లో 8వ తరగతి అమ్మాయి ఒకామెకు తన ఫోల్డర్ తెరిచి చూపించాను. మొక్క కణం చార్టు ఉంది అందులో. "ఇది నేను చేసిందేనా మేడం?" అని అడిగింది. చార్టు ఆమెదే. ఏది దాచాలో ఎంచింది నేను, ఫొటో తీసింది నేను, పేరు పెట్టింది నేను. నా బల్ల మీద చార్టు పెట్టి వెళ్ళిన రోజే ఆ పిల్లకి దానితో సంబంధం తెగిపోయింది. కాగితం తడవకుండా కాపాడుకోవడం ఒక పని, పిల్లలకు తమ చదువు మీద పట్టు రావడం ఇంకో పని. నేను మొదటిది చేస్తూ రెండోది జరుగుతుందని ఎదురుచూశాను.

ఇప్పుడు మా దగ్గర ఎలా నడుస్తుందో చెప్తాను. మీ వీలుకు తగ్గట్టు మార్చుకోండి.

ఒక్కో విద్యార్థికి ఒకే ఒక్క గూగుల్ స్లైడ్స్ ఫైలు. రెండు వారాలకు ఒక్క పని, ఒక్క స్లైడ్. ఎడమవైపు ఆ పని ఫొటో, కుడివైపు తన మాట. ఏడాదికి పదిహేను, పదహారు స్లైడ్‌లు వస్తాయి. అంతకన్నా ఎక్కువ పెట్టనివ్వను. ఎంచుకోవడం అంటేనే కొన్ని వదిలేయడం. అన్నీ పెట్టుకోవచ్చంటే పిల్లలకు ఆలోచించే అవసరమే ఉండదు.

దీనికి రెండు వారాలకు ఒక పీరియడ్ కావాలి. మీ దగ్గర కంప్యూటర్ పీరియడ్ ఉంటే ఆ టీచర్‌తో మాట్లాడి నెలకు రెండు తీసుకోండి, చాలు. మొదటి పది నిమిషాలు ఆ రెండు వారాల్లో చేసినవన్నీ బెంచీ మీద పరచమంటాను. నోట్సు, స్లిప్ టెస్టు, బొమ్మ, ప్రయోగం రోజున గబగబా రాసుకున్న చిత్తు కాగితం. ఈ చిత్తు కాగితాలు పారేయొద్దని మొదటి రోజే చెప్పండి, తర్వాత చాలా అవసరపడతాయి. పరిచాక పక్కవాళ్ళతో మాట్లాడుకుంటూ ఒకటి ఎంచుకోవాలి. ఆ తర్వాత ఫొటో, తర్వాత రాత. 42 మందికి ఒకేసారి కంప్యూటర్లు దొరకవు. మాకు పనిచేసేవి ఎనిమిదే. అందుకని సగం మంది కాగితం మీద రాస్తుంటే మిగతా సగం మంది విడతలుగా ఎక్కిస్తారు. ఒక్కో కంప్యూటర్ దగ్గర ఇద్దరుంటారు. ఒకరు టైప్ చేస్తే ఇంకొకరు చెప్తారు. పూర్తికానివాళ్ళు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి ముగిస్తారు.

"మీకు బాగా వచ్చింది పెట్టండి" అని మాత్రం చెప్పకండి. అలా చెప్తే 42 మందీ రంగుల చార్టులే పెడతారు, అందులో సగం ఇంట్లో అక్కో అమ్మో గీసినవి అయ్యుంటాయి. నేను ప్రతిసారీ అడిగే మాట మారుస్తాను. ఒకసారి, ముందు ఒకలా అనుకుని తర్వాత ఇంకోలా తెలిసిన పని. ఇంకోసారి, ఇంకా పూర్తికాని పని. ఇంకోసారి, ఇంకొకరికి నేర్పిన పని. ఒకసారి "మార్కులు తక్కువ వచ్చినా మీకు ఇష్టమైనది" అని అడిగాను. ఆ రోజు వచ్చినన్ని మంచి స్లైడ్‌లు ఆ ఏడాది ఇంకెప్పుడూ రాలేదు.

కుడివైపు రాసే తన మాటకు మూడు ప్రశ్నలే ఇస్తాను:

ఇదే ఎందుకు ఎంచుకున్నావు?
ముందు ఎక్కడ ఆగిపోయావు, తర్వాత ఏం మార్చావు?
ఇందులో నీకు ఇంకా తెలియనిది ఏంటి?

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమని ఒక పిల్లాడి వల్ల తెలుసుకున్నాను. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

వాళ్ళ నాన్న ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు మీద వేటకెళ్తాడు. పిల్లాడు క్లాసులో వెనక బెంచీ, రాయమంటే రెండు లైన్లు. శ్వాసక్రియ పాఠంలో చేప బొమ్మ గీయమన్నాను. టెక్స్ట్‌బుక్ చూసి గీసి, తల వెనక ఒక గీత పెట్టి "మొప్ప" అని రాశాడు. క్లాసులో అందరూ దాదాపు అదే గీశారు. పోర్ట్‌ఫోలియో రోజు తన బొమ్మ చూసుకుని, "ఇది కరెక్ట్ కాదు మేడం, మూత ఎత్తితే లోపల వేరేగా ఉంటాది" అన్నాడు. అయితే అది గీసి తీసుకురా అన్నాను. నాలుగు రోజులకు ఇంట్లో కానాగంత చేప మొప్ప మూత ఎత్తి చూసి గీసిన బొమ్మ తెచ్చాడు. లోపల ఎర్రగా నాలుగు వరసలు, ఒక్కో వరస దువ్వెన పళ్ళలా. నిజంగా కూడా ముళ్ళున్న చేపలకు ఒక్కో పక్క నాలుగేసి మొప్పలే ఉంటాయి. వాడు లెక్కపెట్టి గీశాడు. ఎరుపు ఎందుకుందని పక్కవాడు అడిగితే పుస్తకం తీసి రక్తనాళాల సంగతి చదువుకున్నాడు. వాడంతట వాడు పుస్తకం తెరవడం నేను చూడటం అదే మొదటిసారి.

స్లైడ్‌లో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాడు. కింద తెలియనిది ఏంటి అన్నచోట ఇలా రాశాడు: "నీళ్ళు నోట్లోంచి పోతాయి కదా, పొట్టలోకి పోకుండా మొప్పల్లోకే ఎందుకు పోతాయి? సొరకి మూత లేదు, చీలికలు ఐదు బయటికే కనబడతాయి. దానికి ఎలాగ?"

నేను ఆ రోజు వరకు సొరచేప గురించి క్లాసులో ఒక్క మాట చెప్పలేదు. నోరు, మొప్పల మూత ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటూ నీళ్ళను ఎలా తోస్తాయో తర్వాతి పీరియడ్‌లో వాడి ప్రశ్న బోర్డు మీద రాసే మొదలుపెట్టాను. వాడి పేరు చెప్పి, వాడు అడిగిందని చెప్పి. ఆ ఏడాది వాడి మార్కులు అమాంతం పెరగలేదు, అది కూడా చెప్పాలి. కానీ ఆ తర్వాత పోర్ట్‌ఫోలియో రోజు ఎప్పుడని వాడే వచ్చి అడిగేవాడు. మీరు అడిగిన "నాది అనే భావన" నేను కళ్ళారా చూసింది అక్కడే. తన ప్రశ్న వల్ల క్లాసు ఎటు వెళ్ళాలో మారింది. పిల్లాడికి అది తెలిసింది.

అందుకే మొదటి ప్రయత్నాన్ని చెరపనివ్వకండి. తప్పుగా గీసిన బొమ్మ ఫొటో, సరిచేసిన బొమ్మ ఫొటో రెండూ ఒకే స్లైడ్‌లో ఉండాలి. కాగితం ఫైలు కన్నా డిజిటల్ పోర్ట్‌ఫోలియోకి నిజమైన లాభం ఇదొక్కటే అని నా అనుభవం. నోట్సులో తప్పు కొట్టేసి పైన రాస్తారు, చార్టు అయితే చింపేసి కొత్తది చేస్తారు. ఇక్కడ రెండూ నిలబడతాయి. డాక్స్‌లో గానీ స్లైడ్స్‌లో గానీ పాత వెర్షన్లు కూడా చూసుకోవచ్చు. జూన్‌లో రాసిన పేరా జనవరిలో తెరిచి చూపిస్తే పిల్లల ముఖాల్లో వచ్చే వెలుగు మీరే చూస్తారు.

మొదటి రెండు, మూడు సార్లు పిల్లలు రాసింది చదివితే మీకు నిరుత్సాహం కలుగుతుంది. "నాకు ఈ పాఠం చాలా నచ్చింది. నేను చాలా విషయాలు నేర్చుకున్నాను." అందరిదీ ఇదే. దీన్ని పిల్లల బద్ధకం అనుకోకండి. ఏడేళ్ళుగా వాళ్ళను ఎవరూ "నువ్వేమనుకున్నావు" అని అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాయడం ఎవరికైనా కష్టమే. నేను రెండు పనులు చేశాను. ఒకటి, నా స్లైడ్ నేనూ పెట్టాను. ఆ వారం ఒక ప్రయోగం క్లాసులో సరిగ్గా రాలేదు. ఆకులో పిండిపదార్థం పరీక్షకు అయోడిన్ వేస్తే రంగు మారలేదు. ముందురోజు నుంచి మొక్క ఎండలోనే ఉందా లేదా నేను చూసుకోలేదు. అదంతా అవే మూడు ప్రశ్నల కింద రాసి తెరమీద చూపించాను. టీచర్ తన తప్పు రాసుకున్నాక పిల్లలకు భయం పోయింది. రెండోది, వాళ్ళు రాసినదాని కింద ఒకే ఒక్క ప్రశ్న రాస్తాను. "చాలా నేర్చుకున్నాను" అంటే "ఏ లైన్ దగ్గర?" "కష్టంగా ఉంది" అంటే "ఏ స్టెప్ దగ్గర ఆగావు?" అంతే. గుడ్, వెరీగుడ్, నక్షత్రం ఏదీ పెట్టను.

రాయడం రానివాళ్ళను మాట్లాడనివ్వండి. ఒక నిమిషం ఆడియో చాలు. మా పిల్లల్లో చాలామంది రాసేటప్పుడు పుస్తకం భాష కోసం వెతుక్కుని ఆగిపోతారు. మాట్లాడమంటే మన ఉత్తరాంధ్ర యాసలో గలగలా చెప్పేస్తారు. ఆ యాసను అలాగే ఉండనివ్వాలి. ఫోన్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ కూడా బాగానే పనిచేస్తోంది. చెప్పింది టైప్ అయ్యాక వాళ్ళే తప్పులు దిద్దుకుంటారు, అదో చదువు. మీ స్కూల్ ఇంగ్లీష్ మీడియం అయ్యుంటుంది కాబట్టి ఒక్క మాట: తన మాట తెలుగులో చెప్పే స్వేచ్ఛ ఇవ్వండి. పేర్లు, పదాలు ఇంగ్లీషులో ఉంటే ఉండనివ్వండి. ఆలోచన మాత్రం తనకు చేతనైన భాషలో రావాలి. దీనికి మేనేజ్‌మెంట్ ఒప్పుకోకపోతే కనీసం ఆడియోల వరకైనా అడిగి చూడండి.

ఇప్పుడు మార్కుల సంగతి. మీ ప్రశ్నలో చివర "దీన్ని ఫార్మేటివ్‌లో ప్రాజెక్టు మార్కుల కింద వేయమంటున్నారు" అని రాశారు. వీలైనంత వరకు పోర్ట్‌ఫోలియోకి మార్కులు వేయకండి. మార్కు కనబడగానే పిల్లల కళ్ళు అక్కడే ఆగిపోతాయి, పక్కన మీరు రాసిన మాట చదవరు. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో బడి పిల్లల మీద ఇదే పరీక్షించి చూశారు. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్ళు తర్వాతి పనిలో మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్ళ ఫలితం మార్కులు మాత్రమే వచ్చినవాళ్ళలాగే ఉంది. అంటే మార్కు పక్కన పెట్టిన మంచి మాట కూడా వృథా అయింది. మన క్లాసుల్లో స్లిప్ టెస్ట్ పేపర్లు ఇచ్చినప్పుడు చూడండి, ఎన్ని వచ్చాయో చూసుకుని పక్కవాడివి చూసి పేపరు మడిచేస్తారు.

వేయక తప్పదంటే ఒక దారి ఉంది. బొమ్మ అందంగా ఉందా, స్లైడ్ రంగులు బాగున్నాయా అన్నదానికి వేయకండి. మొదటి ప్రయత్నం ఉందా, ఏం మార్చారో చెప్పారా, తెలియనిది ఒకటి నిజాయితీగా రాశారా, ఈ మూడింటికి వేయండి. ముందు పిల్లలనే తమకు తాము వేసుకోమనండి. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడేటప్పుడు 2020 జాతీయ విద్యా విధానం గుర్తు చేయండి. అందులో చెప్పిన సమగ్ర ప్రగతి పత్రంలో టీచర్ ఇచ్చే అంచనాతో పాటు విద్యార్థి తన గురించి తాను, తోటివాళ్ళు అతని గురించి ఇచ్చే అంచనా కూడా ఉండాలని స్పష్టంగా ఉంది. మీరు అడుగుతున్నది కొత్త సంగతేమీ కాదు.

మీకు ఎక్కువ కష్టం వచ్చేది బాగా చదివే పిల్లలతోనే, ముందే సిద్ధంగా ఉండండి. మా క్లాసులో ఎప్పుడూ మొదటి ర్యాంకు వచ్చే అమ్మాయి ఉండేది. ఆమె స్లైడ్‌లన్నీ ఇరవైకి ఇరవై వచ్చిన స్లిప్ టెస్టులే. "ఇంకా తెలియనిది" దగ్గర "ఏమీ లేదు" అని రాసేది. రెండో నెలలో పూర్తికాని పని పెట్టమంటే ఏడ్చేసింది. తన దగ్గర తప్పు ఉందని ఎవరికైనా తెలిస్తే ఏమవుతుందో అన్న టెన్షన్. ఆ సాయంత్రం వాళ్ళమ్మగారు ఫోన్ చేసి, "తప్పులు ఎందుకు పెట్టడం మేడం, రేపు ఎవరైనా చూస్తే పిల్ల గురించి ఏమనుకుంటారు?" అన్నారు. నేను వాదించలేదు. పిల్లకు ఇష్టం లేనిది పెట్టక్కర్లేదని చెప్పాను, అది నిజం కూడా. ఎంచుకునే హక్కు ఆమెదైనప్పుడు వద్దనే హక్కూ ఆమెదే. మూడు నెలల తర్వాత, కంబాలకొండకు ఫీల్డ్ ట్రిప్ వెళ్ళొచ్చాక, రాసుకున్న పక్షుల పట్టికలో రెండు పేర్లు తప్పని తనే కనిపెట్టి, ఆ పేజీనే ఎంచుకుంది. నేను ఏమీ అనకుండా ప్రశ్న ఒకటి రాసి పంపాను. ఇలాంటి పిల్లలతో తొందరపడితే పని చెడిపోతుంది.

మూడోది, చూపించడం. ఇది లేకపోతే మొదటి రెండూ కొన్నాళ్ళకు చల్లబడిపోతాయి. ఎవరూ చూడనిదాన్ని ఎవరు మాత్రం శ్రద్ధగా చేస్తారు? టర్మ్‌కు ఒకసారి పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్ మాట్లాడటం మానేసి పిల్లలతో మాట్లాడించండి. ఒక్కో కుటుంబానికి ఏడెనిమిది నిమిషాలు. పిల్లలు మూడు స్లైడ్‌లు ఎంచుకుని ఇంట్లోవాళ్ళకు చూపిస్తారు. నేను పక్కన కూర్చుంటాను, నోరు తెరవను. మొదటిసారి నోరు మూసుకుని కూర్చోవడం నాకు చాలా కష్టమైంది. అమ్మానాన్నలు కూడా నా వైపే చూసి "ఎలా చదువుతున్నాడు మేడం?" అని అడుగుతారు. "వాడినే అడగండి" అని చెప్తాను.

చదువురాని ఇంట్లోవాళ్ళు వస్తే ఏం లాభమని మా స్టాఫ్‌లో ఒకరు అడిగారు. ఆ ఏడాదే జరిగింది చెప్తాను. ఒక అమ్మాయి తమ వీధిలో మొక్కల గురించి స్లైడ్ చేసింది. మీటింగ్‌కు వాళ్ళ మామ్మ వచ్చింది. అమ్మ కంపెనీ పనిలో ఉండిపోయింది. ఒక ఫొటో కింద "నేల ఉసిరి" అని ఉంది. మామ్మ ఫోన్ కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, "ఇది నేల ఉసిరేంటే? నేల ఉసిరికి ఆకు కింద వరసగా చిన్న చిన్న కాయలుంటాయి. దీనికేవీ?" అంది. అమ్మాయి అక్కడే ఫొటో పెద్దది చేసి చూసింది. కాయల్లేవు. తర్వాతి వారం మామ్మను వెంటబెట్టుకుని వెళ్ళి అసలు నేల ఉసిరి వెతికి, ఆకు తిప్పి ఫొటో తీసి పాత ఫొటో పక్కన పెట్టింది. కింద "మామ్మ చెప్పాక మార్చాను" అని రాసింది. ఆ ఏడాది మా క్లాసు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన స్లైడ్ అదే. ఆకు అడుగున ఏముందో చూడటం వృక్షశాస్త్రంలో మొదటి పాఠం, దాన్ని చెప్పింది మామ్మ.

పెద్ద తరగతుల్లో ఇప్పుడు ఇంకో సమస్య వచ్చింది. చాట్‌జీపీటీ లాంటివాటితో తన మాట కూడా రాయించేస్తున్నారు. తొమ్మిదో తరగతిలో నాకు ఒకేసారి అచ్చు ఒకేలాంటివి పదకొండు వచ్చాయి. తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. చిత్తు కాగితం ఫొటో తప్పనిసరి చేశాను, తన మాట ఆడియోగా చెప్పమన్నాను. పక్కవాళ్ళు ఆ ఆడియో విని ఒక ప్రశ్న అడగాలి, దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. సమస్య చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు.

42 మందివి చదవడానికి టైమ్ ఎక్కడిదని అడుగుతారు. అందరివీ ఒకేసారి చదవకండి. వారానికి పదీ పదకొండు మందివి చదివితే నెలకు అందరివీ ఒకసారి అయిపోతాయి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. మిగతా వారాల్లో పక్క బెంచీవాళ్ళు ఒకరిది ఒకరు చూసి ఒక ప్రశ్న రాస్తారు. మీ రాత్రిళ్ళు మీకు తిరిగి వస్తాయి.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, ఇవి తేలికగా తీసుకోవద్దు. 13 ఏళ్ళు నిండని పిల్లలు సొంతంగా గూగుల్ అకౌంట్ తెరవకూడదు. 8వ తరగతిలో కొందరికి 13 నిండి ఉండవు. కాబట్టి స్కూల్ ఇచ్చే ఎడ్యుకేషన్ అకౌంట్ గానీ, అమ్మానాన్నల అకౌంట్‌లో ఒక ఫోల్డర్ గానీ వాడండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపువాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఏం దాస్తున్నారో, ఎవరు చూస్తారో తెలుగులో ఒక పేజీ రాసి సంతకం తీసుకోండి. లింక్ ఎవరైనా తెరిచేలా పెట్టకండి. స్లైడ్‌లో ముఖం, పూర్తి పేరు, ఇంటి అడ్రసు ఉండకూడదు. స్కూల్ ఫేస్‌బుక్ పేజీలో అడ్మిషన్ల ప్రచారానికి పిల్లల స్లైడ్‌లు వాడతామని అడిగితే, ముందు ఆ పిల్లనే అడగండి, తర్వాత ఇంట్లోవాళ్ళను. వద్దంటే వద్దు.

డ్రైవ్‌లో జాగా గురించి పెద్దగా కంగారు అక్కర్లేదు. ఉచిత గూగుల్ అకౌంట్‌కు 15 జీబీ వస్తుంది, కానీ మెయిల్, ఫొటోలు, డ్రైవ్ అన్నిటికీ కలిపి అంతే. నిమిషం వీడియో వంద ఎంబీ కూడా దాటిపోవచ్చు, ఆడియో అయితే ఒకటి రెండు ఎంబీలు. అందుకే వీడియోలు అరుదుగా, ఆడియోలు ధారాళంగా. కాగితాలకు డ్రైవ్ యాప్‌లోనే స్కాన్ ఉంది, వంకరగా తీసినా సరిచేస్తుంది.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. పిల్లలు స్కూల్ మారితే, పదో తరగతి అయిపోతే, స్కూల్ ఇచ్చిన అకౌంట్ మూసేస్తారు, పనంతా అందులోనే పోతుంది. వెళ్ళేటప్పుడు పిల్లల పని పిల్లలతో వెళ్ళాలి. ఏడాది చివర ఫైలు డౌన్‌లోడ్ చేసి అమ్మానాన్నల ఫోన్‌లోకి గానీ పెన్‌డ్రైవ్‌లోకి గానీ ఎక్కించి ఇవ్వండి. పీడీఎఫ్ చేస్తే ఆడియోలు అందులో రావు, వాటిని విడిగా దించాలి. మొదటిసారి నేను ఇది చూసుకోక ఒక బ్యాచ్ ఆడియోలన్నీ పోగొట్టాను. ఆ పిల్లల గొంతులు ఇక దొరకవు.

దీనివల్ల వెంటనే మార్కులు పెరుగుతాయని మేనేజ్‌మెంట్‌కు మాట ఇవ్వకండి. మొదటి టర్మ్ అంతా తడబాటుగానే ఉంటుంది. పదో తరగతితో అసలు మొదలుపెట్టకండి, పబ్లిక్ పరీక్షల ఒత్తిడిలో అది కూడా ఇంకో హోంవర్క్ అయిపోతుంది. మీ స్కూల్లో అన్ని సబ్జెక్టులకూ ఒకేసారి పెట్టమన్నా ఒప్పుకోవద్దు. పిల్లాడికి రెండు వారాల్లో ఆరు స్లైడ్‌లు చేయాల్సి వస్తే ఒక్కటీ మనసుపెట్టి చేయడు. ఒక తరగతి, ఒక సబ్జెక్టు, ఒక ఏడాది. 8వ తరగతి సైన్స్ దానికి సరిగ్గా సరిపోతుంది.

ఇక మీ దగ్గర ఇప్పటికే ఉన్న 42 ఫోల్డర్ల సంగతి. వాటిని మీరు తీసేయకండి. వచ్చే వారం ఒక పీరియడ్ పెట్టి, ఇద్దరిద్దరిని కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి ఎవరి ఫోల్డర్ వాళ్ళకు తెరిచి ఇవ్వండి. "ఇందులో ఐదు మాత్రమే ఉంచు, మిగతావి నువ్వే తీసేయ్. ఉంచిన ప్రతిదానికీ ఎందుకో ఒక లైన్ రాయి" అని చెప్పండి. మీరు రాత్రిళ్ళు కూర్చుని ఎక్కించిన చార్టుల ఫొటోలు చాలా వరకు పోతాయి. మీకు బాధగా ఉంటుంది, నాకూ ఉండింది. పోనివ్వండి. మీరు పనికిరాదనుకున్న ఏదో చిత్తు బొమ్మను ఎవరో ఒకరు ఉంచుకుంటారు. ఎందుకు ఉంచావని అడిగి, వాళ్ళు చెప్పేదంతా వినండి. పోర్ట్‌ఫోలియో అక్కడినుంచే మొదలుపెట్టండి.